నిన్నటి అంకె

వెనక్కి వచ్చిన రొయ్యల పెట్టెను మేనేజరు మోహన్‌రాజ్ కత్తితో కోసి ఆఫీసు బల్ల మీదే బోర్లించాడు. రొయ్యలు విడివిడిగా రాలలేదు. ఇటుకలా ఒక్క ముద్దగా దబ్బున పడ్డాయి.

"ఇట్ల ఎందుకు అయినాది, సెప్పు," అన్నాడు.

వరూధిని ముద్దను వేలితో తాకి చూసింది. తోకలూ మీసాలూ మంచులో కలిసిపోయి ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

"ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టాయి సార్."

"లారీలో కాదు. లారీ టెంపరేచరు రికార్డు కస్టమరు పంపినాడు, అది శుభ్రంగా ఉన్నాది. అంటే మన కాడే. నాలుగో గది." చేతులు తుడుచుకున్న కాగితాన్ని నలిపి బుట్టలో వేశాడు. "ఎవడో తలుపు తీసి వదిలేస్తన్నాడు. నాకు పేరు గావాల. ఏ రోజు ముందురోజు కన్నా వేడెక్కినాది, ఆ రోజు డ్యూటీ ఎవులిది. నీ డేటాబేస్‌ని అడుగు లా. అంతే."

అంతే అన్నంత తేలిక కాదుగానీ పని చిన్నదే. మలేషియాలో, మాట చివర ఊరికే ‘లా’ తగిలించే పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ల యార్డులు దాటాక ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో ఆరు గదులు. ప్రతి ఉదయం సరుకు కదిలేముందు ఒకరు గదిగదికీ వెళ్లి, లోపలి గోడకు వేలాడే థర్మామీటరు చూసి, అంకెను ట్యాబ్‌లో ఎక్కించాలి. రామదాసు, కన్నమ్మ, వినోద్‌కుమార్ వంతులవారీగా ఆ పని చేస్తారు. అంకెలన్నీ వెళ్లి ఒక పట్టికలో చేరతాయి. గది, తేదీ, ఉష్ణోగ్రత, ఎక్కించినవారి పేరు. నెలాఖరున సగటు తీసి కస్టమర్లకు పంపడం తప్ప ఆఫీసులో వాటిని చదివేవాళ్లు లేరు. వరూధిని కూడా చదవలేదు. పట్టికలు సరిగ్గా ఉన్నాయా లేదా చూడటమే ఆమె ఉద్యోగం. గజపతినగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆమెకింకా ఏడాది నిండలేదు.

ఒక వరుస తనంతట తాను ఏమీ చెప్పదు. పక్కన నిన్నటి వరుస ఉంటేనే గది వేడెక్కిందో చల్లబడిందో తెలిసేది. అందుకని ఆ ఒక్క పట్టికనే రెండుసార్లు పిలిచి, ఒకదానికి ‘నేడు’ అనీ రెండోదానికి ‘నిన్న’ అనీ పేర్లు పెట్టి పక్కపక్కన నిలబెట్టింది. మొదట, పట్టికలో పైన ఉన్న వరుసే నిన్నటిది అనుకుంది. ఒకటో గది పక్కన ఆరో గది వచ్చి కూర్చుంది. కొట్టేసింది. తర్వాత తేదీలోంచి రోజు సంఖ్య మాత్రమే తీసి ఒకటి తగ్గించింది. నెల మారిన చోటల్లా ఒకటో తేదీకి నిన్న లేకుండా పోయింది. అదీ కొట్టేసింది. చివరికి సరైన మాటలు దొరికాయి. రెండు వైపులా గది ఒకటే కావాలి. రెండు తేదీల మధ్య ఎడం ఒక్క రోజే ఉండాలి. నేటి ఉష్ణోగ్రత నిన్నటికంటే ఎక్కువ కావాలి. మైనస్ అంకెలతో ఆమెకు ఎప్పుడూ భయమే. మైనస్ పద్దెనిమిది కంటే మైనస్ పదిహేను ఎక్కువ, ఎక్కువంటే వేడి, అని ఒకసారి పెదవులతో అనుకుని మీట నొక్కింది.

తెర నిండింది. పేర్ల గడిలో పైనుంచి కిందిదాకా ఒకే పేరు. రామదాసు.

మోహన్‌రాజ్ ఆమె కుర్చీ వెనకే నిలబడి చదివాడు.

"నాకు ముందే తెలుసు లా. మనిసిని సూస్తేనే తెలుస్తాది." వేలితో తెరను కొట్టాడు. "శుక్రవారం వీడి కాంట్రాక్టు అయిపోతాది. కొత్తది ఇవ్వను. ఎవులితోనూ అనకు. రేపు వీడి వంతే గదా, నువ్వు కొంచెం కనిపెట్టి సూడు. కళ్లతో సూసిన సాక్ష్యం ఒకటి ఉండాల."

మర్నాడు, మంగళవారం ఉదయం ఏదో కాగితం చేతిలో పట్టుకుని వరూధిని నడవాలో నిలబడింది. గదుల తలుపులకు లోపలి వైపున ప్లాస్టిక్ పట్టీల తెరలు వేలాడుతుంటాయి. పట్టీ పట్టీకీ మధ్య సందులోంచి లోపలికి కనిపిస్తుంది.

రామదాసు పొడగరి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. అందరితోనూ తమిళంలోనే మాట్లాడతాడు. అతనికి తెలుగు వచ్చన్న సంగతి, ఒకనాడు అతను లారీ డ్రైవరును తిడుతుంటే విని తెలుసుకుంది వరూధిని. ఆ తిట్టు ఆమె ఊళ్లో వాడేదే.

అతను నాలుగో గదిలోకి వెళ్లాడు. పెట్టెల వరసల మధ్యనుంచి వెనక గోడ దాకా నడిచి థర్మామీటరు ముందు ఆగాడు. చూడలేదు. ముఖం పూర్తిగా వెనక్కి తిప్పి, భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత గభాలున వంగి, థర్మామీటరు దగ్గర ముఖం పెట్టి, వెంటనే లేచాడు. మళ్లీ భుజం మీదుగా చూశాడు. మళ్లీ వంగాడు.

ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తున్నాడు.

రామదాసు మూలనున్న ఇనుప కడ్డీ అందుకున్నాడు. పైన ఆమెకు కనిపించని దేన్నో కొట్టడం మొదలుపెట్టాడు. ఠంగుఠంగుమని చప్పుడు. తెల్లటి ముక్కలు రాలాయి. తలుపు తెరిచే ఉంది. చలి పొగలా నడవాలోకి పాకి ఆమె పాదాలకు తగిలింది.

బయటికి రాగానే అతని కళ్లద్దాలు ఒక్కసారిగా తెల్లబడ్డాయి. గుడ్డివాడిలా గుమ్మంలో నిలబడిపోయి, చొక్కా అంచు బయటికి లాగి వాటిని తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ తుడిచాడు. అప్పుడు ట్యాబ్ తీసుకున్నాడు. ఒకే మీటను పదేపదే పొడిచాడు. అంకెలు ఎక్కించేవాడు అలా పొడవడు. ఏదో చెరుపుతున్నాడు.

"ఏటి సూస్తన్నావు?" తల ఎత్తకుండానే, ఈసారి తెలుగులో అడిగాడు.

"ఊరికే, అంకుల్."

"ఊరికే సూసేవోళ్లంటేనే నాకు బయ్యం," అని ఐదో గదిలోకి వెళ్లిపోయాడు.

వరూధిని పైకి వెళ్లి, చూసినది చూసినట్టు మోహన్‌రాజ్‌కు చెప్పింది. దొంగచూపు, కడ్డీ, తెరిచిన తలుపు, చెరపడం. మోహన్‌రాజ్ ఒక్కోదానికీ తల ఊపాడు.

మధ్యాహ్నం కన్నమ్మ ఎప్పటిలాగే డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది. లోపల రెండు కరిపాప్‌లు, కూర కుక్కి వేయించిన కజ్జికాయల్లాంటివి, మూతలో ఎర్రటి కారం.

"తిను. నీ ఎముకలు లెక్కెట్టొచ్చు. మీ అమ్మ సూస్తే మమ్మల్ని తిడతాది."

కన్నమ్మ నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. మలేషియాలోనే, ఇపోలో పుట్టిన మనిషి. తాతల కాలంలో సముద్రం దాటి వచ్చిన మాటలు ఆమె నోట్లో ఇంకా ఉన్నాయి. వరూధిని ఆఫీసులో పుస్తకంలోలా మాట్లాడటం ఆమెకు నచ్చదు. "ఏటమ్మాయ్, రేడియోలా మాట్లాడతావు," అని ఏడిపిస్తుంది. ఆమె దగ్గర కూర్చుంటే ఈ దేశంలో తనకు ఒక ఇల్లుందనిపిస్తుంది వరూధినికి.

"పిన్నీ, రామదాసు అంకుల్ ఎలాంటి మనిషి?"

"ఆడు మనిసి కాదే, మంచుగడ్డ. గదిలోకి ఎల్లినాడంటే బయటికి రాడు. లోపల ఏటి సేస్తాడో పెరుమాళ్లకే ఎరిక." కన్నమ్మ గొంతు తగ్గించింది. "ఏటి, ఏదైనా అయినాదా?"

"ఏమీ లేదు."

"నాకైతే నువ్వు వచ్చినాకే సుకం. ఆ ట్యాబులో నిన్నటి అంకె ముందే పెట్టి పుణ్యం కట్టుకున్నావు. నా ఏళ్లు కర్రలైపోయేవి ఆ సలికి."

నిజమే. వచ్చిన కొత్తలో కన్నమ్మ తన కొంకర్లు పోయిన వేళ్లు చూపించి అడిగితే, వరూధిని ఆ ఫారాన్ని మార్చింది. గది పేరు తెరవగానే నిన్నటి అంకె గడిలో సిద్ధంగా ఉంటుంది. తేడా లేకపోతే ‘సరి’ నొక్కితే చాలు. ఉంటే దాన్ని చెరిపి కొత్తది వేయాలి.

బుధవారం మోహన్‌రాజ్‌కు ఇవ్వాల్సిన నివేదిక కోసం కూర్చున్నప్పుడు, అందులో ఇంకొక జాబితా ఉంటే బాగుంటుందని వరూధినికి తోచింది. రామదాసు వంతు రోజున గది వేడెక్కితే, తర్వాత వంతువాళ్లు తలుపు సరిగ్గా మూస్తారు గనుక వాళ్ల రోజుల్లో చల్లబడాలి. అది కూడా చూపిస్తే ఎవరూ కాదనలేరు. డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, ఆ క్వెరీలో, ఒక్క గుర్తు మారిస్తే చాలు. ‘ఎక్కువ’ తీసి ‘తక్కువ’ పెట్టింది.

రామదాసు. రామదాసు. రామదాసు.

చేతిలో ఉన్న టీ గ్లాసు పక్కన పెట్టింది. వేడి చేసేవాడూ అతనే, చల్లబరిచేవాడూ అతనేనా? తేదీల ఎడం మళ్లీ చూసుకుంది. గదులు సరిపోల్చుకుంది. ఎక్కడా తప్పు లేదు. ఒక్క గుర్తు మిగిలింది. అది ఆమె ఎప్పుడూ అడగాలనుకోనిది. ‘సమానం’ పెట్టి నొక్కింది.

తెర కిందికి జరుగుతూనే ఉంది. కన్నమ్మ, వినోద్‌కుమార్, కన్నమ్మ, వినోద్‌కుమార్. ఆరు గదులూ, వారాలకు వారాలు, నిన్న ఎంతో నేడూ అంతే. దశాంశం కూడా కదలలేదు. పైనుంచి కిందిదాకా వెతికినా అందులో రామదాసు పేరు ఎక్కడో ఒకటి అరా.

ఆ ఉదయం కన్నమ్మ కాంటీన్ గుమ్మంలో కూర్చుని, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో నొక్కుతూ ఉండటం తాను చూసింది. చూసి చెయ్యి కూడా ఊపింది.

అయినా నమ్మకం కలగలేదు. గదులు నిజంగానే మారలేదేమో. నిత్యం మారే అంకెలు వేసి రామదాసే తమాషా చేస్తున్నాడేమో. ఎవరో ఒకరు అబద్ధం ఎక్కిస్తున్నారని పట్టిక చెబుతోంది, ఎవరన్నది చెప్పడం లేదు. అది చెప్పాల్సింది గోడకున్న థర్మామీటరు.

కిందికి వెళ్లి కొయ్యకున్న పెద్ద కోటు తొడుక్కుంది. చేతులు చివర్ల దాకా మునిగిపోయాయి. నాలుగో గదికి ఆ ఉదయం కన్నమ్మ ఎక్కించింది మైనస్ పదహారు. మంగళవారం రామదాసు ఎక్కించిందీ అదే.

ప్లాస్టిక్ పట్టీలు తోసుకుని లోపలికి వెళ్లగానే ముక్కు లోపల ఏదో బిగిసినట్టయింది. పెట్టెల మధ్య నడిచి గోడ దగ్గర ఆగి, థర్మామీటరు మీదికి వంగింది. మైనస్ పదమూడు. సరిగ్గా చదువుదామని ఇంకా దగ్గరికి వెళ్లింది. ఆమె నోటినుంచి వచ్చిన ఆవిరి గాజును కప్పేసింది. ఆవిరి తొలగేసరికి ఎర్రగీత పైకి పాకింది. మైనస్ పన్నెండు.

తన ఊపిరికే.

వెనక్కి జరిగి ఆగింది. గీత మెల్లగా దిగేదాకా ఓపిక పట్టింది. అప్పుడు ముఖం పూర్తిగా వెనక్కి తిప్పి, భుజం మీదుగా గుండెల్లో ఉన్న గాలంతా వదిలేసింది. ఊపిరి బిగబట్టి వంగి చదివింది. మైనస్ పదమూడే.

లేచి నిలబడ్డాక గానీ తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. తెలిశాక, అంత చలిలోనూ ముఖం వేడెక్కింది.

తల ఎత్తి చూసింది. పైన చలిగాలి ఊదే ఫ్యాను రెక్కల దాకా మంచు పేరుకుని ఉంది. ఒక వైపు మాత్రం కడ్డీతో చెక్కిన గాట్లు. అంతమేర రెక్కలు తిరగడానికి చోటు దొరికింది.

గురువారం పొద్దున్నే రామదాసు లారీల దగ్గర ఉన్నాడు. వరూధిని వెళ్లి పక్కన నిలబడింది.

"నాలుగో గది ఫ్యాను సంగతి ఎవరికైనా చెప్పారా, అంకుల్?"

"సెప్పినాను. ఒకపాలి సెప్పినాను. టెక్నీషియన్ వస్తాడన్నారు." వెనక్కి వస్తున్న లారీకి చెయ్యి ఊపి ఆపాడు. "ఆ తరవాత పెతీపాలీ అంకె రాసినాను. అది సెప్పడం కాదేటి? రాసింది పైన ఎవులూ సదవరని నాకేటి తెలుసు?"



"నన్నెందుకు కనిపెడతన్నావో నాకు తెలుసు. శుక్రవారం ఎల్లిపోతాను గానీ," అన్నాడు అతను. "ఆ తరవాత మంచు ఎవులు కొడతారో, అది కూడా నీ కంప్యూటరు పెట్టెలో రాసుకో."

పైకి వెళ్లేముందు కాంటీన్‌కు వెళ్లింది. కన్నమ్మ ఒక్కతే కూర్చుని నురగ తేలిన పాల టీ, తె తారిక్ తాగుతోంది. వరూధిని ఎదురుగా కూర్చుని, నిన్న తాను గదిలోకి వెళ్లిన సంగతి చెప్పింది. మిగతాది చెప్పక్కర్లేకపోయింది. కన్నమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆ సలి నా గుండెల్లో పడతాది," అంది. "లోపలికి ఎల్తే ఊపిరి ఆడదు. బయటికొచ్చి గోడ పట్టుకోవాల. ఆ మాట సెప్తే, పనికిరావు ఇంటికి పో అంటారు. ఈ వయసులో నన్ను ఎవులు పిలుస్తారు?"

"నాకు చెప్పాల్సింది పిన్నీ."

"నీకు సెప్పినాను గదే. ఏళ్లు కర్రలైపోనాయని సెప్పినాను. నువ్వు నిన్నటి అంకె పెట్టినావు. నువ్వే పెట్టినావు."

"నేనే పెట్టాను. సార్‌కి అదే చెబుతాను."

"అది సెప్తే నా పేరు సెప్పినట్టు కాదేటి?"

వరూధిని బల్ల మీది తడి వలయాన్ని వేలితో తుడిచింది.

"రామదాసుకు రేపటితో ఆఖరు," అంది. "నా మాట వల్లే."

కన్నమ్మ లేచి గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ ఎప్పటిలా భుజం తట్టలేదు.

మోహన్‌రాజ్ ముందు వరూధిని మూడు కాగితాలు పరిచింది. ఎక్కువ, తక్కువ, సమానం. అతను మూడోదాని దగ్గర ఆగిపోయాడు. కిందిదాకా చదివి, మళ్లీ పైకి వచ్చి, కళ్లు మూసుకుని ముక్కు మీద వేళ్లు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఇంకో ఇద్దర్ని పంపేయాలా లా? మనుసులు ఎక్కడ దొరుకుతారు?"

"ఫారం నేను చేసింది సార్. నిన్నటి అంకె అందులో నేనే పెట్టాను. ఇప్పుడు తీసేశాను. గడి ఖాళీగా వస్తుంది."

"మరి మంగళవారం నువ్వు సెప్పినావే? ఎనక్కి తిరిగి దొంగచూపు సూసినాడని?"

"అది ఊపిరి సార్."

అతనికి అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది, మంచు కట్టిన ఫ్యాను సంగతీ చెప్పింది. అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఫ్యాను సంగతి తనకు ఎవరో చెప్పిన గుర్తు అప్పుడు వచ్చినట్టుంది, ముఖం పక్కకు తిప్పుకుని ఫోను తీశాడు. టెక్నీషియన్‌ను మలాయ్‌లో గట్టిగా కసిరాడు. ఫోను పెట్టేశాక సొరుగు లాగి రామదాసు కాంట్రాక్టు కాగితం బయటికి తీసి, చదవకుండానే సంతకం పెట్టాడు.

"వినోద్‌తో నేను మాట్లాడతాను. కన్నమ్మ..." కలం మూత పెట్టాడు. "ఆమె వంతు రోజు లోపలికి నువ్వు ఎల్లు. ఆమె బయట నిలబడి ఎక్కిస్తాది. నిన్నటి అంకె తీసేసినావు గదా, ఈ రోజుది నువ్వే తే."

శుక్రవారం రామదాసు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టి కిందికి దిగిపోయాడు. అతనికి సారీ అని ఎవరూ చెప్పలేదు. మెట్ల దగ్గర వరూధిని ఎదురుపడి నోరు తెరిచేలోపు, "పెద్ద కోటు పైజేబు సిరిగినాది, కలం అందులో పెట్టకు," అని దాటిపోయాడు.

శనివారం కన్నమ్మ వంతు. నాలుగో గదిలో కొత్త ఫ్యాను తిరుగుతోంది. కన్నమ్మ ట్యాబ్ పట్టుకుని గుమ్మానికి దూరంగా నిలబడింది. ఖాళీ గడిలో కర్సరు గీత మిణుకుమంటోంది. పొద్దుటినుంచీ ఆమె వరూధినితో మాట్లాడలేదు. బల్ల మీద డబ్బా కూడా రాలేదు.

వరూధిని పట్టీలు తోసుకుని లోపలికి వెళ్లింది. గోడ దగ్గర ఆగి, ముఖం వెనక్కి తిప్పి, భుజం మీదుగా గాలి వదిలింది. పట్టీల సందులోంచి కన్నమ్మ కళ్లు కనిపించాయి. రెప్ప వేయకుండా ఇటే చూస్తున్నాయి.

వరూధిని వంగి చదివింది. మళ్లీ తల తిప్పి ఊపిరి వదిలి, రెండోసారి చదివింది.

"అటూ ఇటూ ఏటి సూస్తన్నావు?" బయటినుంచి కన్నమ్మ గొంతు వచ్చింది. "ఎవులైనా వస్తన్నారా?"

"లేదు పిన్నీ. మైనస్ పంతొమ్మిది."

కన్నమ్మ వేలు గడి మీద ఆగిపోయింది; బుధవారం తాను నొక్కింది మైనస్ పదహారు.

"నిజంగానేటి?" అంది.